ఎవరు ఏం చేశారో తెలియకుండా చెప్పే థాంక్స్: కొత్త టీమ్ లీడర్లకు ఒక బహిరంగ లేఖ

కొత్తగా టీమ్ లీడర్లయిన మిత్రులకు,

నమస్కారం.

మీలో చాలామందికి ఈపాటికి లీడర్ల శిక్షణ అయిపోయి ఉంటుంది. అందులో ఎక్కడో ఒక స్లైడు మీద "మీ టీమ్‌కి కృతజ్ఞత చూపండి" అని ఉండి ఉంటుంది. పక్కన నవ్వుతున్న నలుగురి బొమ్మ. ఆ స్లైడు దగ్గర ఎవరూ అరనిమిషం కన్నా ఎక్కువ ఆగరు. కాదనడానికి అందులో ఏమీ లేదు కదా. పదమూడేళ్ల కిందట నేనూ తలూపి తర్వాతి స్లైడుకి వెళ్లిపోయాను. థాంక్స్ చెప్పడం కూడా ఒకరు నేర్పాలా, చిన్నప్పుడే వచ్చేసింది అనుకున్నాను.

రాలేదని తెలియడానికి ఏడాది పట్టింది.

అప్పట్లో మా పని షిఫ్టుల్లో నడిచేది. పగటి షిఫ్టులో నాకన్నా వయసులో బాగా పెద్దాయన ఒకరు ఉండేవారు. రోజూ ఇంటికి బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగైదు లైన్లు రాసి, రాత్రి షిఫ్టువాళ్లు కూర్చునే టేబుల్ మీద పెట్టి వెళ్లేవారు. ఏ పని సగంలో ఉంది, ఏ కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు, ఏ ఫైలు జోలికి పోకూడదు. అలా రాయమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. రాత్రివాళ్లు వచ్చి, ఆ కాగితం చూసుకుని పని మొదలుపెట్టేవాళ్లు. నేను ఆ టీమ్‌కి లీడర్‌నయ్యే నాటికే అది నడుస్తోంది. నేను వచ్చాక ఇంకో ఏడాది నడిచింది.

ఒక వారం ఆయన రాయలేదు. మూడో రోజు రాత్రి ఒక కస్టమర్ పని ఎవరూ చూసుకోక ఆగిపోయింది. పొద్దున్నే పైనుంచి నాకు ఫోన్. నేను నేరుగా ఆయన సీటు దగ్గరికి వెళ్లి, "నిన్న నోట్ ఎందుకు పెట్టలేదండీ?" అని అడిగాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "అయితే నేను రాస్తున్న సంగతి మీకు తెలుసన్నమాట మేడమ్" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టున్నారు. ఏడాదిలో కొన్ని వందల నోట్లు రాశారాయన. వాటి గురించి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. రాయని నోట్ గురించి మాత్రం నడుచుకుంటూ వెళ్లి మరీ అడిగాను. మూడు నెలల తర్వాత ఆయన వేరే చోటికి మారిపోయారు. అదొక్కటే కారణమని నేను అనుకోను. అదసలు కారణమే కాదని కూడా అనుకోలేను.

ఆ తర్వాతే కృతజ్ఞత అనే మాటను విడదీసి చూశాను. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగిన. చేసినదాన్ని ఎరిగి ఉన్నవాడు కృతజ్ఞుడు. అంతే. నవ్వుతూ చెప్పాలనీ, పూలగుత్తి ఇవ్వాలనీ, చప్పట్లు కొట్టించాలనీ ఆ మాటలో ఎక్కడా లేదు. చేసింది ఏమిటో తెలిసి ఉండాలన్న ఒక్క షరతే ఉంది. దీనికి ఎదురుగా ఉన్న మాట ఇంకా కరుకుగా ఉంటుంది. కృతఘ్నుడు, అంటే చేసినదాన్ని చంపేవాడు. నోట్ల సంగతిలో నేను ఏ మాటకి దగ్గరగా ఉన్నానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు చేయబోయే మొదటి పొరపాటు థాంక్స్ చెప్పకపోవడం కాదనిపిస్తుంది నాకు. చెబుతారు. బాగానే చెబుతారు. అందరికీ కలిపి ఒకేసారి చెబుతారు. నేనూ చెప్పాను. ఒక పెద్ద ప్రాజెక్టు ముగిసిన రోజు "దీన్ని సాధ్యం చేసిన ప్రతి ఒక్కరికీ నా హృదయపూర్వక ధన్యవాదాలు" అని పదకొండు మందికి మెయిల్ పంపాను. ఆ పదకొండు మందిలో ఒకమ్మాయి ఆరు వారాలు పాత రికార్డులు ఒక్కొక్కటీ విప్పి లెక్కలు సరిచూసింది. ఇంకొకరు ఆ ఆరు వారాల్లో సగం సెలవులో ఉన్నారు. ఇద్దరికీ ఒకటే లైను. మర్నాడు బ్రేక్‌లో ఆ అమ్మాయి, "మీ మెయిల్ చాలా బాగుంది మేడమ్, పేరు మార్చి వచ్చే ప్రాజెక్టుకి కూడా వాడుకోవచ్చు" అంది. అప్పటికి అందరితో పాటు నేనూ నవ్వేశాను. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే గుచ్చుకుంది.

సభల్లో వందన సమర్పణ మొదలవగానే జనం ఎందుకు లేచిపోతారో ఎప్పుడైనా ఆలోచించారా? అందులో అందరి పేర్లూ ఉంటాయి, ఎవరు చేసిన పనీ ఉండదు.

మనం చెప్పే థాంక్స్‌లో ఇంకో తిరకాసు ఉంది. చాలాసార్లు అది మన గురించే ఉంటుంది. "నీ రిపోర్ట్ వల్ల నా మీటింగ్ గట్టెక్కింది, బతికించావ్" అంటాం. అబద్ధం కాదు, కానీ అందులో ఉన్నదంతా నా మీటింగూ నా బతుకూ. "మూడో పేజీలో పాత అంకెలకీ కొత్త అంకెలకీ తేడా ఎందుకొచ్చిందో ముందే రాసిపెట్టావు చూడు, ఆ ప్రశ్న వస్తుందని నాకు తట్టనే లేదు" అంటే అందులో ఉన్నది ఆ మనిషి. సారా ఆల్గో అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2016లో జంటల మీద చేసిన అధ్యయనంలో సరిగ్గా ఈ తేడానే చూసింది. థాంక్స్ చెప్పేటప్పుడు తమకు కలిగిన లాభం గురించి మాట్లాడడం ఒకటి, ఎదుటివాళ్లు చేసిన పనిలోని గొప్పతనం గురించి మాట్లాడడం ఒకటి. విన్నవాళ్ల మనసును తాకింది రెండోదే. అది జంటల సంగతి, ఆఫీసు సంగతి కాదని మీరు అనొచ్చు. నిజమే. అయినా రెండు రకాలూ ఒక వారం ప్రయత్నించి, ఎదుటి మొహం చూడండి.

ఇక కొంతమంది లీడర్లు ఉంటారు. "పైకి చెప్పకపోయినా వాళ్ల మీద నాకు ఎంత గౌరవం ఉందో వాళ్లకి తెలుసు" అంటారు. ఎలా తెలుస్తుంది? 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక సరదా ప్రయోగం చేసింది. కొందరిని అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేళ్లతో తట్టమంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆ దరువు విని అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని తట్టినవాళ్లు అంచనా వేశారు. తీరా చూస్తే 120 పాటల్లో మూడంటే మూడు దొరికాయి. తట్టేవాడి బుర్రలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది. వినేవాడికి బల్ల చప్పుడే. కారిడార్లో ఎదురుపడ్డప్పుడు మీరు తలూపి నవ్వే నవ్వు కూడా అలాంటిదే. మీ లోపల అది పెద్ద ప్రశంస. అవతల ఆ మనిషి, సార్ ఎందుకో ఇవాళ హుషారుగా ఉన్నారు అనుకుని వెళ్లిపోతాడు.

చెప్పాలని ఉన్నా మొహమాటం అడ్డొస్తుంది, అది నాకూ తెలుసు. నాటకంలా ఉంటుందేమో, కాకా పడుతున్నాననుకుంటారేమో, సరైన మాటలు దొరుకుతాయో లేదో. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరితో కృతజ్ఞత తెలిపే ఉత్తరాలు రాయించారు. అందుకున్నవాళ్లకి ఎలా అనిపిస్తుందో ముందే ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లనే అడిగారు. వాళ్లు ఇబ్బంది పడతారని రాసినవాళ్లు అనుకున్నంత ఇబ్బంది వాళ్లు పడలేదు, అనుకున్నదానికన్నా ఎక్కువ సంతోషించారు. రాసినవాళ్లేమో మాటల పొందిక గురించి దిగులుపడ్డారు, చదివినవాళ్లు అందులోని ఆప్యాయతను చూసుకున్నారు. కాబట్టి మీ తెలుగు బాగా లేదనో, మాట తడబడుతుందనో ఆగకండి. తడబడిన థాంక్స్‌కే ఒక్కోసారి నమ్మకం ఎక్కువ.

ఇప్పటిదాకా చెప్పింది తేలిక. ఇకముందు చెప్పేది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన సంగతి.

మీరు దేనికి థాంక్స్ చెబుతారో టీమ్ దాన్ని గమనిస్తుంది. మా దగ్గర ఒకబ్బాయి ఉండేవాడు. సమస్య ఏదైనా వస్తే రాత్రి రెండు దాకా కూర్చుని సరిచేసేవాడు. చురుకైనవాడు, మంచివాడు. మర్నాడు మీటింగులో నేను అతని పేరు చెప్పేదాన్ని, అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నెలకి ఒకసారైనా ఇది జరిగేది. అదే వరుసలో ఇంకో అతను ఉండేవాడు. సరిగ్గా టైముకి ఇంటికెళ్లిపోయేవాడు. ఏడాది చివర ఒక్కొక్కరి పని మీద నాలుగు పేరాలు రాయాల్సి వచ్చినప్పుడు, మొదటి అబ్బాయి గురించి రెండు పేజీలొచ్చాయి నాకు. రెండో అతని గురించి రెండు లైన్లు. పిలిచి కూర్చోబెట్టి, "ఈ ఏడాది నీ పనిలో పెద్దగా సమస్యలేం రాలేదు, బాగుంది" అన్నాను, అదేదో అతని అదృష్టం అన్నట్టు.

అతను చాలా నెమ్మదిగా, "రాకుండా చూసుకున్నాను మేడమ్" అన్నాడు.

ఎలా చూసుకున్నావని అప్పుడు అడిగాను. ప్రతి మార్పునీ అసలు చోట పెట్టే ముందు ఒక నకలు మీద పెట్టి చూస్తాడట. పెట్టాక రెండు రోజులు దానికి కాపలా కాస్తాడట. వారాంతానికి ముందు రోజు కొత్తదేదీ ముట్టుకోడట. ఇవన్నీ ఎవరూ చెప్పని, ఎవరికీ కనిపించని పనులు. ఆ తర్వాత నేను పాత లెక్కలు తీసి చూస్తే, రాత్రి రెండు దాకా మేలుకుని ఆర్పిన మంటల్లో కొన్ని ఆ మొదటి అబ్బాయి తొందరలో తనే పెట్టుకున్నవి. అతన్ని తప్పుపట్టను. ఏ పనికి చప్పట్లు పడతాయో అతను చూశాడు. ఆ చప్పట్లు మొదలుపెట్టింది నేను.

ఆ ఏడాది నుంచి నా థాంక్స్‌ల చిట్టా మారింది. "ఈ నెల నీ వైపు నుంచి రాత్రి ఫోన్ ఒక్కటీ రాలేదు, ఎలా కుదిరింది?" అని అడగడం మొదలుపెట్టాను. ఇలా అడగడం చప్పట్లంత పసందుగా ఉండదు, ఒప్పుకుంటాను. జరగని ప్రమాదాన్ని ఎవరికి చూపిస్తాం? రాత్రంతా కూర్చున్నవాడికి థాంక్స్ చెప్పొద్దని నేను అనడం లేదు. చెప్పండి. చెబుతూనే మళ్లీ అలా కూర్చునే అవసరం రాకుండా ఏం చేద్దామో అదే నోటితో అడగండి.

తప్పు ఒప్పుకున్నవాళ్లకి థాంక్స్ చెప్పడం దీనికన్నా కష్టం. ఒకరోజు ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, నిన్న నేను పంపిన ఫైల్లో పాత అంకెలున్నాయి. ఇంకా ఎవరూ చూడలేదు" అంది. "ఎలా చేశావ్ అలా?" అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అది అక్కడే ఉంచుకుని, "ఇప్పుడే చెప్పావు కాబట్టి ఆపగలం, సాయంత్రమైతే క్లయింట్‌కి వెళ్లిపోయేది. వచ్చి చెప్పడం నీకు తేలిక కాదని తెలుసు" అన్నాను. తప్పు ఎలా జరిగిందన్నది మర్నాడు మాట్లాడుకున్నాం. రెండూ ఒకే వాక్యంలో పెట్టకండి. "థాంక్స్, కానీ..." అన్నామంటే వినేవాడి చెవి "కానీ" దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక పక్క మాట. ఒక విమర్శకి మూడు ప్రశంసలు ఉండాలని, ఇంకొకరు ఐదని, మీకు ఏదో ఒక శిక్షణలో చెబుతారు. ఆ మూడు అంకె వెనక 2005లో వచ్చిన ఒక పరిశోధన వ్యాసం ఉంది. అందులో 2.9013 అని నాలుగు దశాంశ స్థానాల దాకా లెక్క కట్టారు. 2013లో నికొలస్ బ్రౌన్, ఆలన్ సోకల్, హ్యారిస్ ఫ్రీడ్‌మన్ అనే ముగ్గురు ఆ గణితానికి అసలు ఆధారమే లేదని చూపించారు, ఆ వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే ఆ లెక్కను వెనక్కి తీసుకుంది. మనుషుల మధ్య మాటకి నాలుగు దశాంశ స్థానాలేమిటో! మెప్పుల లెక్క పెట్టుకుని కూర్చుంటే టీమ్ రెండు వారాల్లో పసిగట్టేస్తుంది. ఇవాళ రెండు పొగడ్తలయ్యాయి, ఇంకొకటి అయ్యాక తిట్టు వస్తుందని కాచుక్కూర్చుంటారు.

మన తప్పు మనం ఒప్పుకోవలసి వచ్చే థాంక్స్ కూడా ఒకటుంది. నేను వద్దన్నాను, అతను చేశాడు, అతనిదే సరైందని తేలింది. అప్పుడు మనలో చాలామందికి గొంతు పెగలదు. అమెరికా అంతర్యుద్ధంలో జనరల్ గ్రాంట్ 1863 జులై 4న విక్స్‌బర్గ్‌ను లొంగదీసుకున్నాక, అధ్యక్షుడు లింకన్ ఆయనకి జులై 13న ఒక చిన్న ఉత్తరం రాశాడు. మనమిద్దరం ఎప్పుడూ కలిసిన గుర్తు లేదని మొదలుపెట్టి, దేశానికి చేసిన సేవకి కృతజ్ఞత చెప్పాడు. మామూలు లీడరైతే అక్కడితో సంతకం పెట్టేవాడు. లింకన్ ఇంకా రాశాడు. విక్స్‌బర్గ్ దగ్గరికి చేరినప్పుడు మీరు ఏం చేయాలని నేను అనుకున్నానో చివరికి మీరు అదే చేశారు, నది దాటాక మాత్రం మీరు దక్షిణానికి వెళ్లి ఇంకో సైన్యంతో కలవాలని అనుకున్నాను, మీరు ఉత్తరానికి తిరిగారు, అది పొరపాటని భయపడ్డాను, ఇప్పుడు చెబుతున్నాను, మీదే సరైంది, నాది తప్పు, అని. గ్రాంట్ ఏ రోజు ఎటు నడిచాడో ఆ పెద్దమనిషి మ్యాపు ముందు పెట్టుకుని చూస్తూ వచ్చాడని ఆ ఉత్తరం చదివితే తెలుస్తుంది. మీకు యుద్ధాలు లేకపోవచ్చు. "ఆ పద్ధతి వద్దని నేనే అడ్డుపడ్డాను, నువ్వు పట్టుబట్టడం వల్లే ఇవాళ ఇది నడుస్తోంది" అనే సందర్భం మాత్రం ఏడాది తిరక్కుండానే వస్తుంది.

అది మీటింగులో, నలుగురి ముందు అనగలరా? మీకన్నా పైవాళ్ల ముందు?

సొమ్మొకడిది సోకొకడిది అనే సామెత ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. నా మొదటి ఉద్యోగంలో నేను వారం కష్టపడి చేసిన పనిని మా పైఅధికారి ఒకరు పెద్దల ముందు "నేను చూసి చెప్పేదేమిటంటే" అంటూ వివరించారు. నేను అదే గదిలో, వెనక వరుసలో ఉన్నాను. ఆయన దొంగబుద్ధితో చేశారని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడంత కచ్చితంగా అనలేను. మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో భార్యాభర్తల్ని విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని. ఎక్కువ జంటల్లో ఇద్దరి వంతులూ కలిపితే మొత్తం కన్నా ఎక్కువొచ్చింది. తమాషా ఏమిటంటే గొడవలు మొదలుపెట్టడంలాంటి చెడ్డ విషయాల్లో కూడా అంతే. అంటే ఇందులో గొప్పలు చెప్పుకోవడం ఒక్కటే లేదు. మనం పడ్డ కష్టం మనకి గుర్తుంటుంది, పక్కవాళ్లది కంటపడితే కదా గుర్తుండటానికి. టీమ్ లీడర్‌కి ఇది మరీ ప్రమాదం. మీ మీటింగులు, మీ ఫోన్లు, మీ నిద్ర లేని రాత్రులు అన్నీ మీకు గుర్తే. ఆ అమ్మాయి ఆరు వారాలు విప్పిన రికార్డులు మీకు ఒక జతచేసిన ఫైలుగా వచ్చాయి, ఒక క్లిక్‌తో తెరుచుకున్నాయి.

అందుకే మొహం మీద చెప్పే థాంక్స్ కన్నా వీపు వెనక చెప్పేదానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. పైకి పంపే రిపోర్టులో పేరు రాయండి, "టీమ్ చేసింది" అని సరిపెట్టకండి. ఆ పని గురించి ప్రశ్న వస్తే మీరు జవాబు చెప్పకుండా ఆ మనిషిని పిలిపించండి. జీతాల గురించి, ప్రమోషన్ల గురించి మాట్లాడే గదిలో వాళ్లు ఉండరు. మీరుంటారు. ఏడాదంతా పొగిడి, ఆ గదిలో నోరు మెదపని లీడర్లని చూశాను. వాళ్లకన్నా ఏడాదంతా ముభావంగా ఉండి అక్కడ గట్టిగా వాదించినవాళ్లే నయం.

ఇంకో రకం ఉంది. "ఇది నువ్వైతేనే చేయగలవు" అనే మెచ్చుకోలు. దాని వెనకాలే ఒక పని వస్తుంది, ఎప్పుడూ. ఇలా నాలుగుసార్లయ్యాక, మీరు పొగడడం మొదలుపెట్టగానే అవతలివాళ్లకి టెన్షన్ వచ్చేస్తుంది. పని అడగాలంటే పనే అడగండి. థాంక్స్ చెప్పాలంటే చెప్పి అక్కణ్ణుంచి వెళ్లిపోండి. ఇక, ఓవర్‌టైమ్‌కి డబ్బు ఇవ్వాల్సినచోట, సెలవు ఇవ్వాల్సినచోట, ఇద్దరి పని ఒకరు మోస్తున్నచోట థాంక్స్ పనికిరాదు. అక్కడ చెప్పే థాంక్స్ వినేవాడికి ఒళ్లు మండిస్తుంది, మండాలి కూడా.

అందరి ముందూ చెప్పాలా, విడిగా చెప్పాలా అని చాలామంది అడుగుతారు. వాళ్లనే అడగండి. మా టీమ్‌లో ఒకాయన చప్పట్లు కొడితే ఆ రోజంతా తలెత్తేవారు కాదు. ఆయనకి రెండు లైన్ల కాగితం చాలు.

మరి ఇదంతా రోజూ ఎలా కుదురుతుంది? క్యాంప్‌బెల్ సూప్ కంపెనీకి 2001 నుంచి 2011 దాకా సీఈఓగా ఉన్న డగ్ కోనంట్ ఆ పదేళ్లలో ఉద్యోగులకి 30,000కి పైగా ఉత్తరాలు చేత్తో రాశారు. రోజుకి 10 నుంచి 20. ఈ సంగతి విన్నవాళ్లంతా ఆయన పెన్ను గురించే మాట్లాడతారు. నన్ను ఆకట్టుకున్నది ఆ పెన్ను ముందు జరిగే పని. రోజుకి ఇరవై మంది గురించి ప్రత్యేకంగా ఏదో ఒకటి రాయాలంటే, ఆ ఇరవై మంది ఏం చేశారో ఎక్కడో ఒకచోట వెతికి తెలుసుకోవాలి కదా. అసలు కష్టం అక్కడుంది.

నాది చాలా చిన్న పద్ధతి. శుక్రవారం మధ్యాహ్నం పావుగంట తలుపేసుకుంటాను. నోట్‌బుక్కులో టీమ్ పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాస్తాను. ప్రతి పేరు పక్కనా ఈ వారం ఆ మనిషి చేసిన ఒక పని రాయాలి. "బాగా చేశాడు" అని రాయకూడదు, ఏం చేశాడో రాయాలి. మొదటి శుక్రవారం తొమ్మిది పేర్లలో నాలుగింటి పక్కన ఖాళీ మిగిలింది. వాళ్లేమీ చేయక కాదు, నాకు తెలియక. ఒక పేరు పక్కన రెండు వారాలు వరసగా ఖాళీ ఉంటే, మూడో వారం వెళ్లి ఆ మనిషి పక్కన అరగంట కూర్చుంటాను, "నువ్వు చేసుకుంటూ ఉండు, నేను చూస్తాను" అని. మొదట్లో తనిఖీ అనుకుని బిగుసుకుపోతారు. రెండోసారికి వాళ్లే చూపిస్తారు, ఇదిగో ఇది ఇలా చేయకపోతే అక్కడ తేడా వస్తుంది మేడమ్, అని. రాసినవన్నీ వాళ్లకి చెప్పను. వారానికి ఇద్దరికో ముగ్గురికో చెబుతాను. మిగతావి నా దగ్గర ఉంటాయి, ఏడాది చివర పేరాలు రాసేటప్పుడు బయటికొస్తాయి. ఇప్పుడు ఎవరి గురించీ రెండు లైన్లతో ఆగను.

ఈ పద్ధతి అన్ని వారాలూ నడవదు. పని నెత్తిమీదకొచ్చినప్పుడు నోట్‌బుక్కు తెరవని శుక్రవారాలు బోలెడున్నాయి. మీకూ అంతే అవుతుంది.

ఈ లేఖ ముగించే ముందు, నోట్లు రాసిన ఆ పెద్దాయన నంబరు సంపాదించి ఒక మెసేజ్ పెట్టాను. పదేళ్లు దాటింది కదా, ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని గంటసేపు తటపటాయించాను. పైన ఆ ఉత్తరాల ప్రయోగం గురించి అంత ధీమాగా రాసినదాన్నే. మీ నోట్ల వల్ల రాత్రి షిఫ్టు ఎలా నడిచేదో, "ఈ ఫైలు జోలికి పోవద్దు" అనే లైను ఎన్నిసార్లు మమ్మల్ని కాపాడి ఉంటుందో, దాని గురించి అప్పుడు ఒక్క మాట అనకపోవడం నా తప్పని రాశాను.

మర్నాడు జవాబొచ్చింది. "సంతోషం మేడమ్. ఆ కాగితాలు ఏవైనా మీ దగ్గర ఉన్నాయా? ఇక్కడ కొత్తగా చేరిన పిల్లలకి నేర్పుదామంటే నేనెలా రాసేవాణ్ణో నాకే గుర్తు రావడం లేదు."

నా దగ్గర ఒక్కటీ లేదు. అప్పుడు రాత్రి షిఫ్టులో పనిచేసిన ఒకబ్బాయికి ఫోన్ చేశాను. అతని దగ్గర మూడున్నాయట. ఫొటో తీసి పంపిస్తానన్నాడు.

ఇట్లు,
మీకన్నా కొన్నేళ్ల ముందు ఈ పనిలోకి వచ్చిన ఒక టీమ్ లీడర్